పాలపళ్లే కదా, ఊడిపోతాయి అని వదిలేయకండి

మూడున్నరేళ్ల పాపకి పైన ముందుపళ్లు గోధుమరంగులోకి తిరిగి, రెండు పుచ్చాయని, రాత్రి పాలసీసాతోనే పడుకుంటుందని రాశారు. కారణం ఆ సీసానే. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలు పైపళ్ల చుట్టూ నిలిచి ఆమ్లంగా మారతాయి. కింది పళ్లను నాలుక కప్పేస్తుంది కాబట్టి అవి బాగున్నాయి.

సీసా ఒక్కసారిగా లాక్కుంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. రోజురోజుకీ నీళ్లు కలుపుతూ, వారంలో వట్టి నీళ్లకి తెండి. బెల్లం వేసిన చోడి (రాగి) జావ ఇస్తుంటే పగలు, భోజనంతో పాటే ఇవ్వండి.

పేస్టు ట్యూబు వెనక 1000 పీపీఎం ఫ్లోరైడ్ అని ఉండాలి. పిల్లల పేస్టుల్లో కొన్నింటిలో అసలుండదు. బఠాణీ గింజంత చాలు. మీరే తోమండి, ఉమ్మించండి, నీళ్లతో పుక్కిలించనివ్వద్దు. రాత్రి తోమాక మంచినీళ్లే.

పైపెదవి ఎత్తి చూడండి: చిగురు వెంట సుద్దగీతలా తెలుపు ఉంటే డెంటిస్టు పళ్లకి పూసే ఫ్లోరైడ్ వార్నిష్‌తో పుచ్చు అక్కడే ఆగే అవకాశం ఉంది. గుంట పడ్డవాటికి పర్లాకిమిడిలోగానీ బరంపురంలోగానీ డెంటిస్టుకి చూపించి, పుచ్చు ముదరకుండా పూసే సిల్వర్ ఫ్లోరైడ్ మందు గురించి అడగండి. డ్రిల్లింగ్ అక్కర్లేదు, కానీ పుచ్చిన చోటు శాశ్వతంగా నల్లబడుతుంది, ముందే తెలుసుకోండి.

ముందుపళ్లు ఆరేడేళ్లకి ఊడినా దవడపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. నొప్పికని అమ్మమ్మలు గుడాకు రాస్తారేమో, అది పొగాకు, వద్దే వద్దు. చిగురు మీద చీముపొక్కు, బుగ్గవాపు, జ్వరం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.