ఒక గింజ తక్కువైన రోజు

చిరంజీవి అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు నర్సరీలో టీచరుగా చేరుతున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. విన్న వెంటనే నాకు నోట మాట రాలేదు. 31 ఏళ్లు నేను చేసిన పనిని మన ఇంట్లో మళ్లీ ఒకరు అందుకుంటారని ఎప్పుడూ అనుకోలేదు. నీ నాలుగో ఏట నా బడికి వచ్చి, పిల్లలందరూ ఇళ్లకు వెళ్లిపోయినా ఇసుక తొట్టి దగ్గర నుంచి లేవనని ఏడ్చినదానివి, ఇప్పుడు అలాంటి తొట్టి పక్కన టీచరుగా నిలబడబోతున్నావు.

ఆ సంతోషంలో ఉండగానే మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. మొదటి నెలకు 30 కృత్యాలు రాసిపెట్టుకున్నావట. పూసలు, గింజలు, బొత్తాలు డబ్బాల నిండా పోగు చేస్తున్నావట. అది విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. తెల్లవారకముందే లేచి కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ 30 సంగతి తేల్చుదాం. ఆరు చాలు. చేసిందే మళ్లీ చేస్తుంటే విసుగు వచ్చేది మనకే కానీ పిల్లలకు కాదు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో తన మొదటి శిశుగృహం తెరిచింది. అక్కడ సుమారు మూడేళ్ల పిల్ల ఒకతె, చిన్నా పెద్దా గుండ్రటి చెక్క దిమ్మెలను వాటి వాటి గుంటల్లో అమర్చే పనిలో మునిగిపోయింది. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించారు, కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ పిల్ల తన పని ఆపలేదు. 40 సార్లకు పైగా తీసి, పెట్టి, అప్పుడు నిద్ర లేచినట్టు చుట్టూ చూసి సంతోషంగా నవ్విందట. రోజుకొక కొత్త పని చొప్పున పట్టిక వేసుకున్న నువ్వు, అలాంటి పిల్ల నీ గదిలో ఉంటే ఏం చేస్తావు? రెండో రోజే ఆ చెక్కను తీసి అలమరలో పెట్టేస్తావు కదా! ఆ పట్టికను చింపేయమని నేను అనను. ఏడాది మొత్తానికి దాచుకో.

చేతులు కడిగించడం, ఏప్రాన్లు కట్టడం, వస్తువులు పిల్లలకు అందే ఎత్తులో పెట్టడం, ఇవన్నీ శిక్షణలో నీకు చెప్పే ఉంటారు. రెండేళ్ల పిల్లలున్న చోట మాత్రం ఒకే రకం వస్తువు రెండు మూడు ఉండేలా చూసుకో. పంచుకోవడం ఆ వయసుకు ఇంకా రాదు.

పోయడం నేర్పేటప్పుడు నీళ్లతో మొదలుపెట్టకు. ముందు గింజలు (మూడేళ్లు దాటినవాళ్లకే), తరువాత ఇసుక, ఆ పైన నీళ్లు. పిడి ఉన్న చిన్న జగ్గులు రెండు, ఒక ట్రే, ట్రేలో ఒక స్పాంజి ముక్క ఉంటే సరిపోతుంది. జగ్గు సగానికి మించి నింపకు. ఒకసారి నెమ్మదిగా చేసి చూపించు, ఆ చూపించేటప్పుడు నోరు కదపకు. చెబుతూ చేస్తే పిల్లలు నీ మొహం వైపు చూస్తారు, అసలు చూడవలసినవి నీ చేతులు. ఒలికితే పరుగెత్తుకెళ్లి నువ్వు తుడవద్దు. స్పాంజి ఉన్నది అందుకే. నిజానికి చాలామందికి పోయడం కన్నా ఆ స్పాంజిని పిండడమే ఇష్టం. పిండనీ. ఆ వేళ్లకు ఆ బలమే కావాలి.

ఆట అయిన వెంటనే నీళ్ల తొట్టిని ఒంపేయాలి. 'తరువాత చూద్దాం' అనుకోవద్దు. ఐదారు సెంటీమీటర్ల లోతు నీళ్లు చాలు, పసిబిడ్డ ప్రాణానికి ముప్పు రావడానికి. అదీ చప్పుడు లేకుండా జరిగిపోతుంది. నీళ్లున్నంతసేపూ ఒక పెద్ద మనిషి ఆ పక్కనే ఉండాలి. ఫోను మోగినా, తలుపు దగ్గరకు ఎవరు వచ్చినా కదలకూడదు.

తల్లిదండ్రులు నిన్ను మొదటి వారంలోనే అడుగుతారు, 'మా వాడు అక్షరాలు ఎప్పుడు రాస్తాడు' అని. వాళ్లకు ఓపికగా చెప్పు. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి ఇంకా మెత్తటి మృదులాస్థే. ఒక్కొక్కటిగా ఎముకగా మారుతూ రావడానికి ఏళ్లు పడుతుంది. మూడేళ్ల చేతికి పెన్సిలు ఇచ్చి గీత మీద గీత దిద్దించడం కంటే, పిడికెడు బంకమట్టి ఇచ్చి ఉండలు చేయించడం, పాములు చేయించడం, గిచ్చి ముక్కలు తీయించడం వెయ్యి రెట్లు మేలు. క్రేయాన్లు విరిగితే పారేయకు. అంగుళం ముక్కను పట్టుకోవాలంటే పిడికిలితో కుదరదు, బొటనవేలు, చూపుడువేలు కలవాల్సిందే. నేనైతే కొత్త క్రేయాన్లను కూడా విరిచి ఇచ్చేదాన్ని. కత్తెర మొదటిసారి ఇచ్చేటప్పుడు సన్నటి కాగితపు పట్టీలు ఇవ్వు, ఒక్క కత్తిరింపుకే ముక్క తెగి పడాలి. ఎడమచేతి వాటం పిల్లలకు ఎడమచేతి కత్తెర విడిగా తెప్పించమని మొదటి రోజే అడుగు. ఆ కత్తెర లేక 'మొద్దు చేతులు' అనిపించుకున్న పిల్లలను నేను చూశాను.

ఇక నన్ను నిద్ర పోనివ్వని విషయానికి వస్తాను. ఇది నేను మీ అమ్మకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

ఉద్యోగంలో నాకది నాలుగో ఏడు. మూడు రకాల ఎండు గింజలను కలిపి ఒక గిన్నెలో పోసి, రకం వారీగా వేరు చేసి చిన్న గిన్నెల్లో వేయడం, అదీ కృత్యం. మొత్తం 60 గింజలు, నేనే లెక్కపెట్టి పోశాను. ఆ రోజు మా తరగతిని చూడటానికి ఎవరో పెద్దలు వస్తున్నారు. అంతా చక్కగా ఉండాలని నా ఆరాటం. ఆట ముగిశాక లెక్కపెడితే 59 ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను, మళ్లీ 59. నాకు ఒళ్లు మండింది. 'ఎవరు పోగొట్టారు? అది దొరికేదాకా ఎవరూ కదలకూడదు' అని గట్టిగా అరిచాను. నాలుగేళ్ల పిల్లల మీద, ఒక్క చిక్కుడు గింజ కోసం. నేను చాప ఎత్తి చూస్తుంటే, బల్లల కింద దూరి వెతుకుతుంటే, ఒక బాబు వచ్చి నా చేయి పట్టుకుని లాగాడు. ఎక్కువ మాట్లాడే పిల్లవాడు కాదు. 'ఉండు నాన్నా, ముందు గింజ వెతకనీ' అన్నాను. వాడు కాసేపు అక్కడే నిలబడి, వెళ్లి తన చోట కూర్చున్నాడు. గింజ దొరకలేదు. పెద్దలు వచ్చారు, మెచ్చుకుని వెళ్లారు.

మరో రెండు రోజులకు ఆ బాబుకు ముక్కు కారడం మొదలైంది. ఒక్క పక్కే కారేది. దగ్గరకు వస్తే దుర్వాసన. వాళ్ల అమ్మతో నేనే అన్నాను, జలుబే, తగ్గిపోతుందని. ఐదో రోజు వాడు బడికి రాలేదు. ఆరో రోజు వాళ్ల అమ్మ ఒక్కతే వచ్చింది. డాక్టరు వాడి ముక్కులో నుంచి గింజ తీశాడట. తేమకు నాని, ఉబ్బి, లోపల పుండు చేసిందట. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. 'వాడు మీకు చెప్పబోయాడట కదా టీచర్, మీరేమో గింజ వెతుకుతున్నారట' అంది. అంతే, వెళ్లిపోయింది.

ఆ గింజను ముక్కులో పెట్టుకున్న పిల్లవాడు నా చేయి పట్టుకుని నిలబడి ఉంటే, నేను దాని కోసం బల్లల కింద వెతికాను. ఇన్నేళ్లయినా ఆ చిన్న చేతి పట్టు నాకు ఇంకా తెలుస్తూనే ఉంటుంది.

అక్కడితో ఆగితే అది ఒక్క తప్పే. భయపడి నేను రెండోది చేశాను. ఆ సాయంత్రమే గింజలు, పూసలు, బొత్తాలు, గవ్వలు, అన్నీ మూటగట్టి అటక మీద పెట్టేశాను. ఇసుక తొట్టికి మూత వేశాను. మిగిలినవి కాగితాలు, రంగులు. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు, పైగా జాగ్రత్తపరురాలని మంచి పేరు వచ్చింది. కానీ గదిలో పిల్లల చేతులు ఊరుకోలేదు. చాపల దారాలు పీకేవాళ్లు, గోడ సున్నం గోళ్లతో గీకేవాళ్లు, ఒకరి జుట్టు ఒకరు లాగేవాళ్లు. అల్లరి ఎక్కువైందని వాళ్లనే కోప్పడ్డాను. రెండు నెలల తరువాత ఒక మధ్యాహ్నం ఆవరణలో ఒక పాప ఒంటరిగా కూర్చుని కనిపించింది. రెండు బూట్లూ విప్పి, ఒక బూటులో మట్టి నింపి, రెండో బూటులోకి నెమ్మదిగా పోస్తోంది. ఒలికిన మట్టిని అరచేత్తో ఊడ్చి, ఎత్తి, మళ్లీ పోస్తోంది. నేను దాచేసిన పనిని తన బూట్లతో తనే చేసుకుంటోంది. మర్నాడు పొద్దున్నే అటక ఎక్కాను.

కాబట్టి నా మాటలకు భయపడి నువ్వు ఆ డబ్బాలను మూసేయడం కూడా నాకు ఇష్టం లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ తరువాత నేను చేసిన మార్పు చాలా చిన్నది. గింజలను గిన్నెలో పోయడం మానేసి, పది గుంటలున్న చెక్క పళ్లెంలో గుంటకొకటి చొప్పున పెట్టి ఇచ్చాను. ఒకటి పోతే ఒక గుంట ఖాళీగా కనిపిస్తుంది, అంకెలు రాని పిల్లకు కూడా. సర్దేటప్పుడు గుంటలు నిండాయో లేదో చూడటం వాళ్లకు ఆటకన్నా ఇష్టమైన ఆట అయింది. ఎప్పుడైనా ఒకటి తగ్గితే నేల మీద వెతకకముందు పిల్లల మొహాలు చూడు. కింద కూర్చుని మామూలు గొంతుతో అడుగు. ముక్కులోనో చెవిలోనో పెట్టుకున్నానని ఎవరైనా చెబితే ముందు 'చెప్పి మంచి పని చేశావు' అను. వేలితో గానీ పుల్లతో గానీ కెలకవద్దు, ఇంకా లోపలికి పోతుంది. తిన్నగా డాక్టరు దగ్గరకు పంపించు.

మూడేళ్ల లోపు పిల్లలకైతే గింజలూ బొత్తాలూ అసలే వద్దు. టాయిలెట్ కాగితం చుట్ట మధ్యలో ఉండే అట్టగొట్టం ఒకటి దగ్గర పెట్టుకో. అందులో పట్టే వస్తువు ఏదైనా ఆ వయసు గొంతుకు అడ్డం పడగలదు. గురివింద గింజలు, ఆముదం గింజలు ఎంత ముద్దొచ్చేలా ఉన్నా ఏ వయసు వాళ్ల గదిలోకీ రానివ్వకు, రెండూ విషమే. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు గోళీలు ఈ మధ్య చాలామంది తెస్తున్నారట. మింగితే అవి పేగుల్లో కూడా ఉబ్బుతాయి. చిన్న అయస్కాంతాలు వద్దు. బొత్తాం బ్యాటరీ ఉన్న బొమ్మకు స్క్రూతో బిగించిన మూత లేకపోతే వెనక్కి పంపేయి. ఆ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోతుంది. ఉప్పు కలిపిన పిండి ముద్దతో బొమ్మలు చేయించేటప్పుడు నోట్లో పెట్టుకునే పిల్లలను నీ పక్కనే కూర్చోబెట్టుకో, అంత ఉప్పు వాళ్లకు ప్రమాదం.

చూశావా, ఆనందంగా రాయాలని కూర్చుని విషాలూ బ్యాటరీలూ రాశాను. కోప్పడకు తల్లీ.

నీ ఇసుక తొట్టి కథ నీకు సగమే తెలుసు. ఆ రోజు మీ అమ్మ నీ చేయి పట్టి లాగుతుంటే ఆపింది నేనే. పక్కన కూర్చుని ఏమి చేస్తున్నావని అడిగాను. నీ ఒక చేతిలో పొడి ఇసుక, ఇంకో చేతిలో తడి ఇసుక. 'ఇది జారిపోతోంది, ఇది ఆగుతోంది' అన్నావు. నేను ఏమీ నేర్పలేదు, ఎందుకో కూడా చెప్పలేదు. అరగంట అలాగే కూర్చున్నాం, మీ అమ్మ గుమ్మంలో విసుక్కుంటూ నిలబడింది. నీ గదిలో కూడా అలాంటి అరగంటలు ఉండాలి. అప్పుడు గంట కొట్టే తొందరలో ఉండకు. చేసిన బొమ్మ వంకరగా ఉందని నీ చేత్తో సరిచేయకు. 'చాలా బాగుంది' అని ఊరికే అనేయకు, నీకు కనిపించింది చెప్పు: 'తోక పొడుగ్గా లాగావే' అంటే చాలు, మిగతా కథ వాళ్లే చెబుతారు.

ఆ పది గుంటల పళ్లెం నా దగ్గరే ఉంది. అంచు కొంచెం అరిగింది కానీ చెక్క గట్టిది. దానితో పాటు పెద్ద చెక్క పూసలు కూడా పంపుతున్నాను, అట్టగొట్టంలో పట్టనివి. గట్టి దారం కూడా పెట్టాను, కొసలకు మైనం రాసి. పార్సిలు అందిన రోజే పూసలు లెక్కపెట్టి, ఎన్ని ఉన్నాయో నాకు ఫోను చేసి చెప్పు. నేను 40 పెట్టాను.

ప్రేమతో,
పెద్దమ్మ