చిలీ రాజకీయాలు, సైన్యం మీద చదువు ఉపాధినిస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి హన్మకొండలో బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. ప్రధాన సబ్జెక్టు రాజనీతి శాస్త్రం. కళాశాలలో చిలీ దేశ ప్రభుత్వం, సైన్యం మీద ఒక సెమినార్ పత్రం సమర్పించిన నాటి నుంచి పీజీలోనూ, ఆ తర్వాత పరిశోధనలోనూ అదే అంశాన్ని కొనసాగిస్తానని పట్టుబడుతోంది. మేము బీఈడీ చేయమని, లేదంటే గ్రూప్స్‌కు సిద్ధం కమ్మని చెబుతున్నాం. భూగోళానికి అవతలి వైపున ఉన్న దేశం గురించి చదివితే ఇక్కడ ఉపాధి దొరుకుతుందా? కనీసం సివిల్స్‌కైనా పనికొస్తుందా?

జవాబు: చిలీ గురించి తెలిసినంత మాత్రాన మన దేశంలో ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. అయితే ఆ దేశాన్ని సక్రమంగా చదవాలంటే స్పానిష్ నేర్చుకోక తప్పదు, ఒక రాజ్యాంగ అధికరణాన్ని దాని సవరణతో పక్కపక్కన పెట్టి చదవడం, బడ్జెట్ పద్దుల్లో డబ్బు ఎటు వెళ్లిందో వెదికి పట్టుకోవడం అలవాటు చేసుకోక తప్పదు. ఉద్యోగం దొరికేది ఆ నేర్పులకు. అందుకే మీ అమ్మాయి ఏ దేశాన్ని ఎంచుకున్నదని కాక, ఆ దేశాన్ని ఏ కాగితాల్లో చదువుతున్నదని నేను మొదట అడుగుతాను. ఇంగ్లిష్‌లో దొరికిన నాలుగైదు వ్యాసాలను కలిపి రాసిన సెమినార్ పత్రమైతే అది ఆసక్తికి గుర్తే తప్ప అర్హత కాదు.

ఆ ఆసక్తిని మాత్రం తేలికగా తీసుకోకండి. పౌర ప్రభుత్వానికి సైన్యం ఎలా లోబడి ఉంటుంది, ఎప్పుడు ఎదురు తిరుగుతుంది, తిరిగిన సైన్యాన్ని మళ్లీ చట్టం కిందికి తేవడానికి ఎంత కాలం పడుతుంది అన్న ప్రశ్నలకు చిలీ అంత స్పష్టంగా జవాబు చెప్పే దేశాలు తక్కువ. అక్కడ 1932 నుంచి 1973 వరకు ఎన్నికైన ప్రభుత్వాలే ఒకదాని తర్వాత ఒకటి పాలించాయి. 1970 ఎన్నికల్లో సాల్వడార్ అయెండే 36 శాతానికి పైగా ఓట్లతో మొదటి స్థానంలో నిలిచినా సంపూర్ణ మెజారిటీ రాకపోవడంతో నిర్ణయం ఆ దేశ పార్లమెంటు అయిన కాంగ్రెస్ చేతికి వెళ్లింది. సైన్యం రాజ్యాంగానికి కట్టుబడి ఉంటుందని ప్రకటించిన సర్వసేనాని రెనే ష్నైడర్‌ను ఆ సమయంలోనే కొందరు అపహరించబోయి కాల్చారు. 1970 అక్టోబరు 25న ఆయన మరణించారు. మూడేళ్ల తర్వాత, 1973 ఆగస్టు 23న, అదే పదవిలో అగస్టో పినోచెట్‌ను నియమించింది స్వయంగా అధ్యక్షుడైన అయెండేయే. సరిగ్గా పంతొమ్మిది రోజులకు, సెప్టెంబరు 11న, సైనిక తిరుగుబాటులో వైమానిక దళ జెట్లు శాంటియాగోలోని అధ్యక్ష భవనం లా మొనెడా మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత పినోచెట్ నాయకత్వంలో సాగిన దాదాపు పదిహేడేళ్ల సైనిక పాలనలో మూడు వేల మందికి పైగా హత్యకు గురయ్యారని, లేదా ఆచూకీ లేకుండా పోయారని అనంతర ప్రభుత్వాలు నియమించిన సంఘాలే నమోదు చేశాయి.

ఇంతవరకు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. 1988 అక్టోబరు 5న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 56 శాతం మంది పినోచెట్‌ను 'వద్దు' అన్నారని, 1990 మార్చి 11న పాట్రిసియో ఐల్విన్ అధ్యక్షుడయ్యారని కూడా అందులోనే ఉంటుంది. నియంత దిగిపోయాడని అందరూ రాస్తారు. దిగిపోయాక కూడా 1998 మార్చి వరకు సైన్యాధిపతిగా ఎలా కొనసాగాడు, ఏ అధికరణం చాటున నిలబడ్డాడు అన్నది పరిశోధకులే రాయాలి. మీ అమ్మాయి పని అక్కడ మొదలవుతుంది.

ఒక్క ఉదాహరణ చూడండి. 1980 రాజ్యాంగం తొంభయ్యో అధికరణం సాయుధ దళాల గురించి మూడు మాటలు చెప్పింది: అవి మాతృభూమి రక్షణ కోసం ఉన్నాయి, జాతీయ భద్రతకు అత్యవసరం, గణతంత్రపు సంస్థాగత వ్యవస్థకు హామీదారులు. ప్రమాదమంతా ఆ మూడో మాటలో ఉంది. స్పానిష్‌లో 'గరాంతిసాన్' అన్న ఒక్క క్రియాపదం. రాజ్యాంగ వ్యవస్థకు సైన్యమే హామీ అయితే, ఎన్నికైన ప్రభుత్వం ఆ వ్యవస్థను దాటిందో లేదో తేల్చేది కూడా సైన్యమే అవుతుంది కదా. అధ్యక్షుడు రికార్డో లాగోస్ హయాంలో 2005లో చేసిన సవరణ ఆ పదాన్ని తొలగించింది. ప్రస్తుతం నూట ఒకటో అధికరణంగా ఉన్న ఆ పాఠంలో మొదటి రెండు మాటలే మిగిలాయి. ఒక క్రియాపదం పోవడానికి, పౌర పాలన తిరిగి వచ్చాక పదిహేనేళ్లు పట్టింది. అంతకు ముందు సేనాధిపతిని తొలగించాలంటే అధ్యక్షుడికి జాతీయ భద్రతా మండలి సమ్మతి కావాలి. ఎనిమిది మంది సభ్యులున్న ఆ మండలిలో నలుగురు యూనిఫాం వేసుకున్నవారే. ఎన్నిక లేకుండా సెనేట్‌లో కూర్చునే తొమ్మిది మంది నామినేటెడ్ సభ్యుల్లో నలుగురు మాజీ దళాధిపతులు. మన రాజ్యసభకు రాష్ట్రపతి నామినేట్ చేసే పన్నెండు మందిలో కొందరు తప్పనిసరిగా విశ్రాంత దళాధిపతులే అయి ఉండాలని, వారిని మరో మండలి ఎంపిక చేయాలని రాజ్యాంగమే నిర్దేశించినట్లు ఊహిస్తే దాని బరువు మీకు తెలుస్తుంది.

డబ్బు సంగతి ఇంకా ఆసక్తికరం. రాగి గనులను 1971లో అయెండే ప్రభుత్వం జాతీయం చేసింది. ఆయనను కూలదోసిన సైన్యం దాదాపు ప్రతి రంగాన్నీ ప్రైవేటుకు అప్పగించినా ఆ పెద్ద గనులను మాత్రం వదలలేదు. 1976లో వాటన్నిటినీ కొడెల్కో అనే ప్రభుత్వ సంస్థ కిందికి తెచ్చింది. కారణం వెదకడానికి ఎక్కువ దూరం వెళ్లనక్కర లేదు. 'రాగి చట్టం' కింద కొడెల్కో ఎగుమతి అమ్మకాలలో, లాభంలో కాదు, అమ్మకాలలోనే, పది శాతం నేరుగా ఆయుధాల కొనుగోలుకు వెళ్లేది. ఆ చట్టం పాఠం దశాబ్దాల పాటు రహస్యం. రాగి ధర పెరిగినప్పుడల్లా, పార్లమెంటు ప్రమేయం లేకుండానే సైన్యం ఖజానా నిండేది. 2019లో దాన్ని రద్దు చేసి రక్షణ కొనుగోళ్లకు వేరే నిధుల విధానం తెచ్చారు. పరిశోధన ప్రతిపాదనకు ఇంతకంటే మంచి అంశం ఏ విద్యార్థికీ దొరకదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో రాజ్యాంగం, బడ్జెట్, ఖనిజ వాణిజ్యం, సైన్యం నాలుగూ ఒకే చోట కలుస్తాయి.

ఇదంతా పాత కథ అని మీకు అనిపించవచ్చు. 2019 అక్టోబరులో మెట్రో చార్జీ ముప్పై పెసోలు పెరగడంతో మొదలైన నిరసన దేశమంతా పాకినప్పుడు అధ్యక్షుడు సెబాస్టియన్ పినేరా అత్యవసర స్థితి ప్రకటించి సైన్యాన్ని శాంటియాగో వీధుల్లోకి దింపారు. తాము శక్తిమంతమైన శత్రువుతో యుద్ధంలో ఉన్నామని ఆయన అన్న మరునాడే, రాజధాని భద్రత చూస్తున్న జనరల్ హవియెర్ ఇతుర్రియాగా, తాను ఎవరితోనూ యుద్ధంలో లేనని విలేకరులకు చెప్పారు. అధ్యక్షుడి మాటను సైనికాధికారి బహిరంగంగా మెత్తబరచడం వల్ల ఆ రోజు ఉద్రిక్తత తగ్గిందని సంతోషించాలా, పౌర నాయకత్వాన్ని సరిదిద్దే చనువు సైన్యానికి ఇంకా మిగిలి ఉన్నదని ఆందోళన చెందాలా? ఆ ప్రశ్నకు నా దగ్గర ఖచ్చితమైన తీర్పు లేదు. మీ అమ్మాయి దాన్ని ఏ వైపు నుంచి వాదిస్తుందో వినాలని ఉంది. ఆ నిరసనల ఫలితంగా కొత్త రాజ్యాంగం కావాలని 2020లో 78 శాతం మంది ఓటు వేశారు. తీరా ముసాయిదా వచ్చాక 2022 సెప్టెంబరులో 62 శాతం మంది దాన్ని తిరస్కరించారు. మరో ముసాయిదాను 2023 డిసెంబరులో దాదాపు 56 శాతం మంది కాదన్నారు. అందువల్ల సవరణలతో 1980 రాజ్యాంగమే అక్కడ ఇప్పటికీ అమలులో ఉంది. పినోచెట్ పాలనను గతంలో బహిరంగంగా సమర్థించిన హోసే ఆంటోనియో కాస్ట్ 2025 డిసెంబరులో అధ్యక్ష ఎన్నికల రెండో విడత పోలింగ్‌లో దాదాపు 58 శాతం ఓట్లతో గెలిచారు. అధ్యక్ష పదవీకాలం నాలుగేళ్లు, వెంటనే రెండోసారి పోటీ చేయడానికి వీల్లేదు. కాబట్టి ఆమె పీజీ, పీహెచ్‌డీ చేసే కాలంలో పరిశీలించడానికి సరుకు తక్కువ కాదు.

ఇప్పుడు భాష సంగతి. లాటిన్ అమెరికా నిపుణులు కావాలని నా దగ్గరకు వచ్చేవారిలో బ్రెజిల్‌లో స్పానిష్ మాట్లాడతారని అనుకునేవారు కూడా ఉంటారు, అక్కడిది పోర్చుగీస్. చిలీకి స్పానిష్ చాలు, కానీ పలకరింపుల స్పానిష్ సరిపోదు. స్పానిష్ ప్రావీణ్యాన్ని కొలవడానికి సెర్వాంటెస్ సంస్థ నిర్వహించే డెలె పరీక్షల్లో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయులున్నాయి. చట్టాలు, పత్రికలు తడుముకోకుండా చదవాలంటే వాటిలో నాలుగోదైన బీ2 స్థాయి కనీస లక్ష్యంగా పెట్టుకోవాలి. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో స్పానిష్ విభాగం ఉంది, విదేశీ భాషల్లో పార్ట్‌టైమ్ కోర్సులకు వేరుగా ప్రకటనలు వస్తాయి. లాటిన్ అమెరికా మీద ప్రత్యేకంగా పరిశోధన చేయించే కేంద్రం ఢిల్లీలోని జేఎన్‌యూ అంతర్జాతీయ అధ్యయనాల విద్యాలయంలో ఉంది. అక్కడ పీజీ ప్రవేశం సీయూఈటీ-పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతుంది. స్పానిష్ రాకుండా ఆ పీజీలో చేరి, రెండేళ్ల తర్వాత పరిశోధన ప్రతిపాదన రాయడానికి కూర్చున్నప్పుడు భాష మొదలుపెట్టేవారిని చాలామందిని చూశాను. అప్పటికి ఆలస్యమైపోతుంది.

సివిల్స్ విషయంలో మిమ్మల్ని ఊరించను. రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాల ఆప్షనల్ రెండో పేపర్‌లో తులనాత్మక రాజకీయాలు ఉన్నాయి, ఆఫ్రికా, లాటిన్ అమెరికాలతో భారత్ సంబంధాల ప్రస్తావన కూడా ఉంది; కానీ అది విశాలమైన సిలబస్‌లో ఒక చిన్న ముక్క. చిలీ ఆమెకు సమాధానాల్లో మంచి ఉదాహరణగా ఉపయోగపడుతుందే కాని ర్యాంకు తెచ్చిపెట్టదు. విదేశాంగ సేవకు ఎంపికైతే శిక్షణలో ఒక విదేశీ భాష తప్పనిసరిగా కేటాయిస్తారు, వాటిలో స్పానిష్ కూడా ఉంటుంది. అప్పుడు ఈ చదువు కలిసొస్తుంది. గ్రూప్స్‌కు మాత్రం దీనితో పని లేదు.

మీరు ఊహించని చోట అవకాశం ఉంది. హైదరాబాద్ ఔషధ కంపెనీల ఎగుమతి విభాగాలు లాటిన్ అమెరికా దేశాలతో వ్యాపారం చేస్తున్నాయి. చిలీలో ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనే కేంద్ర సంస్థ పేరు సెనాబాస్ట్. దాని టెండర్ షరతులు స్పానిష్‌లో ఉంటాయి. అక్కడి మంత్రిత్వ శాఖ ఎలా పని చేస్తుంది, ఏ కాగితం ఏ కార్యాలయం నుంచి రావాలి అన్నది తెలిసి, స్పానిష్ చదవగల అభ్యర్థికి, కేవలం భాష మాత్రమే తెలిసిన అభ్యర్థి కంటే ఒక మెట్టు ఎక్కువ విలువ ఉంటుంది. రాగి, లిథియం కారణంగా చిలీతో మన ప్రభుత్వానికి కూడా ఆసక్తి పెరిగింది. 2025 ఏప్రిల్‌లో అప్పటి అధ్యక్షుడు గాబ్రియెల్ బోరిక్ భారత్ పర్యటనకు వచ్చిన తర్వాత సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం కోసం చర్చలు మొదలయ్యాయి. ఖనిజాల మార్కెట్ మీద, దేశాల రాజకీయ నష్టభయం మీద నివేదికలు రాసే సంస్థల్లోనూ ఇటువంటి చదువుకు చోటుంది. విశ్వవిద్యాలయ అధ్యాపక పదవులు మాత్రం చాలా తక్కువ. కేవలం వాటి మీదే ఆశ పెట్టుకోవద్దు.

బీఈడీ సంగతికి వస్తే, ఎడ్‌సెట్ రాయించండి, దానితో పాటు సీయూఈటీ-పీజీ కూడా రాయించండి. రెండు పరీక్షలు రాసినంత మాత్రాన నష్టమేమీ లేదు. ఈలోగా ఆమెకు ఒక పని అప్పగించండి. చిలీ కాంగ్రెస్ గ్రంథాలయం 'లే చిలే' పేరుతో ఆ దేశ చట్టాలన్నిటినీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. అందులో 1980 నాటి తొంభయ్యో అధికరణాన్ని, 2005 తర్వాతి నూట ఒకటో అధికరణాన్ని తీసుకుని, నిఘంటువు దగ్గర పెట్టుకుని ఆమె స్వయంగా తెలుగులోకి మార్చాలి, తేడాలను రెండు పేజీల్లో వివరించాలి. దానికి నాలుగు వారాలు గడువు పెట్టండి. గడువు ముగిసేనాటికి ఆ రెండు పేజీలు మీ చేతికి వస్తే ఆమెను ఇఫ్లూ కోర్సులో చేర్పించి, జేఎన్‌యూ ప్రవేశానికి సిద్ధం చేయండి. రాకపోతే ఎడ్‌సెట్ ర్యాంకు ఎలాగూ ఉంటుంది, బీఈడీలో చేర్చండి.