కాలేజీ రికార్డులు చూడాలనుకుంటున్న అమ్మడికి

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. లైబ్రరీ ఫీజు, ల్యాబ్ ఫీజు ఏటా కడుతున్నా కొత్త పుస్తకాలు రావట్లేదని, ల్యాబ్‌లో మైక్రోస్కోపులు సగం మూలన పడి ఉన్నాయని, ఆఫీసులో అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారని రాశావు. నీ ఫ్రెండ్ జవాబు పత్రం గొడవ ఒకటి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదామనుకుంటున్నారు కదా, తప్పకుండా పెట్టండి. కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇలాంటి దరఖాస్తు టపాలో వచ్చాక లోపల ఏం జరుగుతుందో బాగా తెలుసు. అదే రాస్తున్నాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

నువ్వు పంపిన ప్రశ్నల్లో మొదటిది "వసూలు చేసిన లైబ్రరీ ఫీజు ఎందుకు ఖర్చు పెట్టలేదు?" అని ఉంది. దీనికి ఏం జవాబు వస్తుందో ఇప్పుడే చెప్తాను: "కోరినది చట్టంలోని సమాచారం నిర్వచనం కిందికి రాదు." ఒక్క వాక్యం, కింద సంతకం, నెల గడిచిపోతుంది. అలా రాసినవాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం కూడా. చట్టంలోని సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం సమాచారం అంటే రికార్డులు, పత్రాలు, మెమోలు, ఈ-మెయిళ్లు, ఉత్తర్వులు, ఒప్పందాలు, నివేదికలు, లాగ్ బుక్కులు, కంప్యూటర్లో ఉన్న డేటా. అంటే ఆఫీసు దగ్గర ఏదో ఒక రూపంలో ఇప్పటికే ఉన్నది. ఎందుకు చేశారు, ఎందుకు చెయ్యలేదు అన్నదానికి కాగితం లేకపోతే, నీ కోసం కొత్తగా కూర్చుని సంజాయిషీ రాయాల్సిన బాధ్యత వాళ్లకు లేదు. కారణం ఏ ఫైల్లోనో రాసి ఉంటే మాత్రం ఆ ఫైలు అడగొచ్చు. కాబట్టి నీ మనసులో ప్రశ్న ఏదైనా, కాగితం మీద మాత్రం రికార్డు పేరు పెట్టి అడుగు.

మరి ఆ రికార్డుల పేర్లు నీకెలా తెలుస్తాయి? బయటివాళ్లకు వచ్చే ఇబ్బందే అది. లైబ్రరీలో కొన్న ప్రతి పుస్తకం యాక్సెషన్ రిజిస్టరులో ఎక్కాలి. వరస నంబరు, తేదీ, ధర, బిల్లు నంబరు అన్నీ అందులోనే ఉంటాయి. ల్యాబ్ పరికరాలకు స్టాక్ రిజిస్టరు ఉంటుంది. ఏటా స్టాక్ వెరిఫికేషన్ చేసి ఇచ్చే రిపోర్టు ఒకటి ఉండాలి. డబ్బు వచ్చిందీ పోయిందీ క్యాష్ బుక్‌లో, దానికి ఆధారాలు ఓచర్లలో ఉంటాయి. ఏదైనా కొన్నారంటే కొటేషన్లు, వాటిని పోల్చి చూసిన స్టేట్‌మెంటు, కొనుగోలు కమిటీ మినిట్స్ ఉంటాయి. గ్రాంటు వస్తే ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టారో చెప్పే వినియోగ ధ్రువపత్రం పంపాలి. వీటన్నిటి వెనకా నోట్ ఫైలు ఉంటుంది. క్లర్కు ఏం ప్రతిపాదించాడు, ప్రిన్సిపాల్ ఏం రాశారు, ఎక్కడ ఆగింది అన్నీ ఆ పేజీల్లోనే కనిపిస్తాయి. నోట్ ఫైలు కూడా సమాచారమే, అడగొచ్చు. నీ "ఎందుకు" అన్న ప్రశ్నకు జవాబు దొరికితే అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు అదే ప్రశ్న ఇలా రాయి: "2023 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు (అ) విద్యార్థుల నుంచి లైబ్రరీ ఫీజు కింద వసూలైన మొత్తం, సంవత్సరం వారీగా, (ఆ) ఆ పద్దు నుంచి చేసిన ఖర్చుకు సంబంధించిన క్యాష్ బుక్ పేజీలు, ఓచర్ల ధ్రువీకృత నకళ్లు, (ఇ) అదే కాలానికి యాక్సెషన్ రిజిస్టరు పేజీల ధ్రువీకృత నకళ్లు, (ఈ) పుస్తకాల కొనుగోలు ఫైలు, నోట్ ఫైలుతో సహా." ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో కచ్చితంగా వెయ్యి. "గత కొన్నేళ్లుగా" అని రాస్తే దాన్ని సాకుగా చూపి తిప్పి పంపుతారు. లైబ్రరీకి ఒక దరఖాస్తు, ల్యాబ్‌కి ఒకటి విడిగా పెట్టు. అన్నీ ఒకే కాగితంలో కలిపితే ఆఫీసులో నాలుగు సెక్షన్లు తిరిగి, దేనికీ పూర్తి జవాబు రాకుండా బయటికొస్తుంది. దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు, ఆ హక్కు చట్టంలోనే ఉంది. ఎందుకు అడుగుతున్నావో రాయాల్సిన పనీ లేదు, 6(2) చూడు. ఆవేశం, ఆరోపణలు, "ఘోర నిర్లక్ష్యం" లాంటి మాటలు దరఖాస్తులో ఒక్కటీ వద్దు. అవి కనిపిస్తే చదివేవాళ్లకు నీ ప్రశ్న కన్నా నీ కోపమే గుర్తుంటుంది.

ఎవరికి పంపాలన్నది తర్వాతి మాట. మీది యూనివర్సిటీ సొంత కాలేజీ కాబట్టి, ఈ దరఖాస్తులు తీసుకుని జవాబిచ్చే పౌర సమాచార అధికారి కాలేజీలోనే ఉన్నారో, యూనివర్సిటీ మొత్తానికి రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకరే ఉన్నారో ముందు కనుక్కో. 4(1)(బి) కింద ప్రతి ప్రభుత్వ సంస్థా ఎవరూ అడగకుండానే 17 రకాల వివరాలు ప్రకటించాలి. బడ్జెట్, ఉద్యోగుల జాబితా, పౌర సమాచార అధికారి వివరాలు అందులోవే. చాలా కాలేజీలు దాన్ని ఎప్పుడో పెట్టి మర్చిపోతాయి, అయినా చూడు. కాలేజీల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ న్యాక్ గుర్తింపు కోసం కాలేజీలు తయారుచేసే స్వీయ అధ్యయన నివేదిక వెబ్‌సైట్లో ఉండాలి. లైబ్రరీకి ఏటా ఎంత ఖర్చు పెట్టామో అందులో వాళ్లే రాసుకుంటారు. ముందు అది దించుకుని దగ్గర పెట్టుకో, తర్వాత పోల్చడానికి చాలా అక్కరకొస్తుంది.

పొరపాటున వేరే ఆఫీసుకు పంపినా నీ దరఖాస్తు చచ్చిపోదు. 6(3) ప్రకారం 5 రోజుల్లోపు సరైన చోటికి వాళ్లే బదిలీ చేసి నీకు తెలియజేయాలి. మీ చెల్లి చదివేది ప్రైవేటు ఎయిడెడ్ కాలేజీ కదా, వాళ్లకు ఇది వర్తించదని ఎవరో అన్నారట. ప్రభుత్వ నిధుల మీద గణనీయంగా ఆధారపడే ఎయిడెడ్ విద్యాసంస్థలు కూడా ఈ చట్టం కిందికి వస్తాయని డీఏవీ కాలేజీ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఆ మాట తనకూ చెప్పు.

రాష్ట్ర యూనివర్సిటీ కాబట్టి 10 రూపాయల ఫీజు పోస్టల్ ఆర్డరుగా జత చెయ్యి, నకళ్లకు పేజీకి 2 రూపాయలు తర్వాత అడుగుతారు. తెల్ల రేషన్ కార్డు ఉన్న మీ స్నేహితురాలి పేరున పెడితే ఫీజే ఉండదు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు చట్టం ఆ మినహాయింపు ఇచ్చింది, కార్డు నకలు జతచెయ్యాలి. కాకపోతే తన ఇష్టం కనుక్కుని మాత్రమే చెయ్యి, ఫీజు మిగుల్చుకోవడానికి ఇంకొకరి పేరు ముందుకు తొయ్యకూడదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ, మనూ లాంటి కేంద్ర విశ్వవిద్యాలయాలైతే ఆన్‌లైన్ పోర్టల్లోనే పెట్టొచ్చు, వాటి రెండో అప్పీలు కూడా (అప్పీళ్ల సంగతి కింద రాశాను) కేంద్ర సమాచార కమిషన్‌కు వెళ్తుంది. మీది రాష్ట్ర కమిషన్‌కు. దరఖాస్తు చేతికిస్తే నకలు మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకో. వెయ్యనంటే వాదన పెట్టుకోకుండా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. గడువు లెక్కంతా దరఖాస్తు వాళ్లకు అందిన తేదీ నుంచే నడుస్తుంది.

నకళ్ల కన్నా నేను ఎక్కువగా నమ్మేది తనిఖీని. రికార్డులను స్వయంగా చూసే హక్కు 2(జె)లో ఉంది. మొదటి గంటకు రుసుము లేదు. "పై రికార్డులను ముందుగా తనిఖీ చేయడానికి అవకాశం ఇవ్వగలరు, అందులో నేను గుర్తించిన పేజీల నకళ్లు ఇప్పించగలరు" అని దరఖాస్తు చివర ఒక వాక్యం చేర్చు. వెళ్లేటప్పుడు గుర్తింపు కార్డు, పెన్సిలు, చిన్న స్లిప్పులు పట్టుకెళ్లు. యాక్సెషన్ రిజిస్టరు ముందు పెడతారు. ఆఖరి ఎంట్రీ ఏ తేదీదో మొదట చూడు. వరస నంబర్ల మధ్య ఖాళీలు, ఒకే సిరాతో ఒకే రోజు నింపినట్టున్న పేజీలు, దిద్దుబాట్ల పక్కన సంతకం లేకపోవడం, ఇవన్నీ కంటికి కనిపిస్తాయి. జిరాక్సులో వీటిలో సగం కనబడవు. కావలసిన పేజీలో స్లిప్పు పెట్టి నంబరు రాసుకో. రిజిస్టరు మీద మాత్రం ఏ గుర్తూ పెట్టకు. పక్కన కూర్చునే క్లర్కుతో మర్యాదగా ఉండు. చాలాసార్లు అతని దగ్గర సమాచారం ఉంటుంది, ఇవ్వమనే అధికారం ఉండదు.

నీ ఫ్రెండ్ విషయం. మూల్యాంకనం చేసిన జవాబు పత్రం కూడా సమాచారమేనని, రాసిన విద్యార్థి దాన్ని చూడొచ్చు, నకలు తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో సీబీఎస్ఈ వర్సెస్ ఆదిత్య బందోపాధ్యాయ కేసులో తేల్చేసింది. "అది మా రహస్య పత్రం" అన్న మాట ఇక చెల్లదు. దిద్దినవారి పేరు, సంతకం మాత్రం ఇవ్వరు, వాళ్ల భద్రత కోసం అది సబబే. ఇందులో జాగ్రత్తపడాల్సింది కాలం గురించి. నియమాల ప్రకారం పత్రాలను ఉంచాల్సినంత కాలమే ఈ హక్కు, గడువు దాటితే చించేస్తారు. ఫలితాలు వచ్చిన వారంలోనే దరఖాస్తు పడాలి. మీ కాలేజీ అటానమస్ (పరీక్షలు తానే నిర్వహించుకునేది) కాకపోతే పత్రాలు ఉండేది యూనివర్సిటీ పరీక్షల విభాగంలో, కాబట్టి అక్కడికే పంపమను. రీవాల్యుయేషన్ గడువు వేరు, దాని దారి అది. ఈ దరఖాస్తు పెట్టాం కదా అని ఆ గడువు వదులుకోవద్దు.

ఇంకొకరి మార్కులు, ఇంకొకరి అడ్రసులు అడిగే దగ్గర మాత్రం ఆలోచించు. 8(1)(జె)లో వ్యక్తిగత సమాచారానికి ఉన్న మినహాయింపును డేటా పరిరక్షణ చట్టం ద్వారా సవరించారు, 2025 నవంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న మాట ఇదివరకు ఆ క్లాజులోనే ఉండేది, ఇప్పుడు తీసేశారు. నాకు ఇది బాధ కలిగించిన సవరణ. నియామకాల్లో, అడ్మిషన్లలో తప్పు పట్టుకోవాలంటే మనుషుల వివరాలు కొంతైనా బయటికి రావాలి కదా. అయినా 8(2) అలాగే ఉంది. వెల్లడిలోని ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని అది చెప్తుంది. కాబట్టి అలాంటి చోట ప్రయోజనం ఏమిటో రెండు వాక్యాల్లో రాయి. పేర్లు, ఫోన్ నంబర్లు కొట్టేసి మిగతాది ఇమ్మని సెక్షన్ 10 కింద అడుగు. మొత్తం లెక్కలతో పని జరిగితే పేర్లు అడగనే అడగొద్దు.

గడువు 30 రోజులు. దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి, 7(6) అదే చెప్తుంది. జవాబు రాకపోతే ఆ గడువు ముగిసిన రోజు నుంచి, అరకొరగా వస్తే అది అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వెయ్యి. అది అదే సంస్థలో పై అధికారికి వెళ్తుంది. మామూలుగా 30 రోజుల్లో, మరీ ఆలస్యమైతే కారణాలు రాసి 45 రోజుల్లో తేల్చాలి. చాలా దరఖాస్తులకు అక్కడే కదలిక వస్తుంది, ఎందుకంటే ఫైలు మీద పైవాళ్ల కన్ను పడుతుంది. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు కమిషన్‌కు రెండో అప్పీలు. కారణం లేకుండా ఆపిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. కానీ అక్కడ కేసు వంతు రావడానికి చాలా కాలం పడుతుంది. నువ్వు కోర్సు ముగించి బయటికి వెళ్లే లోపు రాకపోవచ్చు. అందుకే పట్టుదలంతా మొదటి అప్పీలు మీద పెట్టు. ఏ ప్రశ్నకు ఏం ఇచ్చారు, ఏం ఇవ్వలేదు అని పట్టిక వేసి జతచెయ్యి.

హెచ్‌ఓడీకి తెలిస్తే ఇంటర్నల్ మార్కుల్లో చూపిస్తారేమోనని నీకు టెన్షన్‌గా ఉందని రాశావు. ఆ భయం ఉత్తిదే అని కొట్టిపారెయ్యను, చిన్న మనసున్నవాళ్లు అన్ని చోట్లా ఉంటారు. ఈ హక్కు పౌరులందరిది, ఆ కాలేజీ విద్యార్థే అడగాలని ఎక్కడా లేదు. నేను నా పేరున పెడతాను, నాకు పోయేదేం లేదు. ప్రశ్నలు నువ్వే రాయి, తనిఖీకి నాతో పాటు రా. ముందు ఒకసారి లైబ్రేరియన్‌ను మామూలుగా అడిగి చూడు, కొందరు అడిగితే చాలు రిజిస్టరు తీసి చూపిస్తారు.

కాగితాలు వచ్చాక మూడింటిని పక్కపక్కన పెట్టుకో: ఓచరు, స్టాక్ రిజిస్టరు, ల్యాబ్‌లో ఉన్న వస్తువు. బిల్లులో మైక్రోస్కోపులు ఎన్ని, రిజిస్టరులో ఎన్ని ఎక్కాయి, బల్ల మీద ఎన్ని ఉన్నాయి చూడు. అంకెలు కలిస్తే కలిశాయని మీ వాళ్లందరికీ చెప్పు, అనుమానం తీరడం కూడా ఒక ఫలితమే. కలవకపోతే వెంటనే గ్రూపుల్లో పెట్టకు. మరమ్మతుకు పంపినవి ఉండొచ్చు, వేరే డిపార్టుమెంటుకు ఇచ్చినవి ఉండొచ్చు. వాటికీ ఒక రిజిస్టరు ఉంటుంది, రెండో దరఖాస్తులో దాన్ని అడుగుదాం.

ముసాయిదా రాసి ఆదివారం లోపు నాకు వాట్సాప్‌లో పంపు. తేదీలు, పద్దుల పేర్లు ఒకసారి సరిచూసి పంపిస్తాను.

ఇట్లు
మీ పెదనాన్న