పదో తరగతి పిల్లలతో మాట్లాడబోయే ముందు

అమ్మాయికి ఆశీస్సులు.

పదో తరగతి బాధ్యత నీకు అప్పగించారని, పబ్లిక్ పరీక్షలు అయ్యేవరకు రోజూ పిల్లలకు ప్రోత్సాహకరంగా నాలుగు మాటలు చెప్పమన్నారని రాశావు. ఆ నాలుగు మాటలకూ పాఠానికి సిద్ధమైనంత జాగ్రత్తగా సిద్ధం కావాలి.

మన బడుల్లో అలవాటుగా వచ్చే మాట, "చదవకపోతే గేదెలు కాసుకోవాల్సిందే" అన్నది. ఆ మాట వింటున్న పిల్లల్లో పాల డబ్బులతోనే ఇల్లు గడిచేవాళ్లు ఉంటారు. భయంతో వాళ్లు వారం రోజులు పుస్తకం పట్టుకుంటారేమో గానీ, తండ్రి పనిని పదిమందిలో చిన్నబుచ్చిన టీచరు దగ్గరికి వచ్చి, లెక్క అర్థం కాలేదని మాత్రం అడగరు. తన ఇష్టంతో చదువుతున్నానన్న భావన, చేయగలనన్న నమ్మకం, నన్ను తమవాడిగా చూస్తున్నారన్న ధైర్యం, ఈ మూడూ మనసుకు తప్పనిసరి అవసరాలని ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు పరిశోధించి చెప్పారు. గేదెల మాట ఒక్క దెబ్బకు మూడింటినీ తీసేస్తుంది.

పొగడ్తలోనూ జాగ్రత్త అవసరం. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివైనవాళ్లన్న మెప్పు పొందిన ఐదో తరగతి పిల్లలు కష్టమైన ప్రశ్నలు ఎదురై తడబడ్డాక త్వరగా నీరుగారిపోయారు. కష్టపడ్డారన్న మెప్పు పొందినవాళ్లు పట్టు వదల్లేదు. అయితే ఊరికే "బాగా కష్టపడ్డావు" అన్నా పిల్లలు నమ్మరు, వాళ్లకు మనకంటే బాగా తెలుసు. స్లిప్ టెస్టు కాగితం మీద "ఇంకా బాగా చదవాలి" అని ఎర్ర సిరాతో రాసే బదులు, "సూత్రం సరిగా రాశావు, మూడో మెట్టులో గుర్తు మార్చడం మరిచావు, ఇలాంటివే రెండు రేపు చేసి చూపించు" అని రాయి. అదీ ప్రోత్సాహమే, పైగా ఏం చేయాలో తెలుస్తుంది. త్రికోణమితి అర్థం కాని పిల్లవాడికి కలాం గారి జీవిత కథ ఎంత చెప్పినా త్రికోణమితి రాదు కదా!

సాయంత్రం స్టడీ అవర్‌లో ఏ సబ్జెక్టుతో మొదలుపెట్టాలో వాళ్లనే ఎంచుకోనివ్వు. ఫలానా పాఠం తప్పనిసరి అయితే, ఎందుకు తప్పనిసరో కారణం చెప్పు. మార్కుల జాబితా వాట్సాప్ గ్రూపులో పెట్టమని ఎవరైనా ఒత్తిడి చేస్తే మర్యాదగానే కాదను. ముప్పై అయిదు మార్కుల గట్టెక్కితే చాలనుకునే పిల్లలను విడిగా కూర్చోబెట్టేటప్పుడు, ఆ గుంపుకు ఎలాంటి పేరూ పెట్టకు. ఏ పాఠాలు ముందు చూద్దామో వాళ్లనే అడిగి రాసుకో.