అల్లుడూ, లెఫ్ట్ తగ్గించుకుని రూటు వేసుకో

ఒరేయ్ అల్లుడూ,

సోమవారం నుంచి బాక్స్ ట్రక్కు నీ చేతికిస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, చాలా సంతోషం రా, కానీ ఈ న్యూజెర్సీలో ఎడిసన్, ఇసెలిన్ రోడ్ల మీద పదిహేడేళ్ళు కిరాణా సరుకు దింపినోడిని, నాకు తెలిసింది నీకు చెప్పకపోతే నిద్ర పట్టదు.

రూటు ముందురోజు రాత్రే వేసుకో. ఫోన్లో మ్యాప్ చెప్పినట్టల్లా పోకు, అది కార్లకి దగ్గరదారి చూపిస్తుంది గానీ నీ వెనకాల అంత పెద్ద పెట్టె ఉందని దానికి తెలీదు. షాపులన్నీ కాగితం మీద రాసుకుని, వీలైనంతవరకు కుడిచేతి వైపే తిరుగుతూ చుట్టి వచ్చేలా వరస పెట్టుకో, లోడు ఆ వరసకి తిరగేసి ఎక్కించు, ఆఖరి షాపు సరుకు అన్నిటికన్నా లోపలికి.

ఎందుకంటే మనూళ్ళో రైట్ తిరగడం ఎంత కష్టమో ఇక్కడ లెఫ్ట్ అంత, ఎదురొచ్చే వాళ్ళందరినీ అడ్డంగా దాటాలి కదా, వాళ్ళు పోయేదాకా ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని నిలబడితే డీజిల్ ఊరికే కాలిపోతుంది. పార్సెళ్ళు చేరవేసే యూపీఎస్ కంపెనీ వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా లెఫ్ట్‌లు తగ్గించుకుంటూ వచ్చారు, తర్వాత ఓరియన్ అనే రూట్ల సాఫ్ట్‌వేర్ పెట్టుకుని 2016 కల్లా ఇక్కడ సుమారు 55,000 రూట్లకి వాడారు, ఏడాదికి కోటి గ్యాలన్లు మిగులుతాయని వాళ్ళ లెక్క.

డీజిల్ సంగతి అలా ఉంచు, నేను అసలు భయపడేది మనుషుల గురించి. అమెరికా కేంద్ర రోడ్డు భద్రతా సంస్థ వాళ్ళ 2010 రిపోర్టులో జంక్షన్ యాక్సిడెంట్లలో 22 శాతం లెఫ్ట్ తిరిగేటప్పుడు జరిగినవి, రైట్‌వి ఒక శాతం పైచిలుకే. ఇది నేను కళ్ళారా చూశాను. ఒకసారి ఓక్ ట్రీ రోడ్డు మీద వాన, చీకటి పడింది, ఎదురుగా కార్ల మధ్య కొంచెం సందు దొరికింది కదా అని లెఫ్ట్ కొట్టేశాను, నా కళ్ళు మొత్తం ఎదురు కార్ల మీదే ఉన్నాయి, ముందు అద్దానికీ తలుపుకీ మధ్య కమ్మీ ఉంటుంది చూడు, దాని చాటున ఒకావిడ పిల్లాడి బండి తోసుకుంటూ దాటుతోంది. రెండడుగుల్లో ఆగాను. ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. అందుకే లెఫ్ట్ తప్పకపోతే సీట్లో కొంచెం ముందుకీ వెనక్కీ వంగి కమ్మీ చాటున కూడా చూడు, వెనకోడు హారన్ కొడితే కొట్టనీ.

అలాగని రైట్‌ని తేలిగ్గా తీసుకోకు, నీ వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి, ఫుట్‌పాత్ అంచున మనిషి నిలబడి ఉంటే ప్రమాదం. నువ్వు వెడల్పుగా తిప్పుదామని ఎడమకి జరిగితే ఆ ఖాళీలోకి కుడివైపు నుంచి సైకిలో కారో దూరుతుంది, అద్దంలో రెండుసార్లు చూసి గానీ తిప్పకు. రెడ్ లైట్ మీద రైట్ తిరిగేముందు బండి పూర్తిగా ఆగాలి, మెల్లగా దొర్లించడం కాదు. క్వీన్స్ వైపు పంపిస్తే గుర్తుంచుకో, న్యూయార్క్ సిటీలో బోర్డు ఉంటే తప్ప రెడ్ మీద రైట్ లేదు.

ఇంకోటి, లెఫ్ట్ మానాలని పట్టుబట్టి స్కూళ్ళున్న సందుల్లోంచి చుట్టు తిరిగి రాకు, ఆకుపచ్చ బాణం ఉన్న సిగ్నల్ దగ్గర లెఫ్టే మేలు. రూట్ 1 హైవే మీద నీకంత బాధ లేదు, అక్కడ చాలాచోట్ల జగ్‌హ్యాండిల్స్ ఉన్నాయి, లెఫ్ట్ పోవాలన్నా కుడివైపు నుంచే దిగి తిరగాలి. ముందే కుడి లేన్‌లోకి వచ్చెయ్, ఆఖరి నిమిషంలో లేన్ మారకు.

ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉంటాయి, నీ షాపుల కాగితం పట్టుకుని ఇంటికి రా, నా కార్లో ఇద్దరం ఒకసారి ఆ చుట్టంతా తిరిగొద్దాం, అత్తయ్య ఇడ్లీ చేస్తుంది.

మీ మావయ్య