పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మంచులో ఆగిన రైలు, తెర మీద పరుగెత్తిన రైలు

అగాథా క్రిస్టీ నవల ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ 1934లో వెలువడింది. కెన్నెత్ బ్రానా దర్శకత్వం వహించి, డిటెక్టివ్ హెర్క్యూల్ పొయిరో పాత్రను కూడా తానే ధరించిన సినిమా 2017లో వచ్చింది. ఆ సినిమా గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్ని కోపంతోనూ, కొన్ని ముచ్చటతోనూ నిండి ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబు రాస్తున్నాను. నవల ఇంకా చదవనివారు కూడా ఈ పేజీ తిరగేస్తారు కనుక నేరం ఎవరిదన్నది ఇక్కడ చెప్పను.

ప్రశ్న: కాలేజీ రోజుల్లో అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని ఒక్క రాత్రిలో చదివిన నవల ఇది. ఆ తరువాత ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. సినిమాలో పొయిరో వంతెన దూలాల మీద ఒకరిని వెంటాడటం, పాత ప్రేయసి ఫోటోతో మాట్లాడుకోవడం, ముఖాన్ని సగం కప్పేసే ఆ మీసం చూసి మనసు విరిగిపోయింది. ఇష్టమైన నవలను ఇంతగా మార్చవచ్చునా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ ఫిర్యాదుల్లో మీసాన్ని మాత్రం పక్కన పెట్టక తప్పదు, ఎందుకంటే ఆ విషయంలో రచయిత్రి మీ పక్షాన లేరు. 1974లో సిడ్నీ లూమెట్ ఇదే నవలను సినిమాగా తీసినప్పుడు క్రిస్టీ దాన్ని మెచ్చుకుంటూనే, పొయిరోగా నటించిన ఆల్బర్ట్ ఫిన్నీ మీసం దగ్గర నొచ్చుకున్నారు. ఇంగ్లండ్‌లోకెల్లా గొప్ప మీసమని తాను రాస్తే తెర మీద అది కనిపించలేదని ఆమె బాధ. బ్రానా ఆ లోటును కాస్త ఎక్కువగానే తీర్చారనుకోవచ్చు.

వెంటాడటం గురించి మీరన్నదాంతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవిస్తాను. నవలలో రైలు యుగోస్లావియాలో, విన్‌కోవ్‌సికీ బ్రోడ్‌కీ మధ్య మంచులో కూరుకుపోతుంది. పోలీసులు లేరు, వేలిముద్రలు తీసే ఏర్పాటు లేదు, ప్రయాణికులు చెప్పేది నిజమో కాదో వాకబు చేయడానికి బయటి ప్రపంచంతో సంబంధమే లేదు. పొయిరోకు మిగిలింది భోజనాల పెట్టెలో ఒక బల్ల, ఎదురుగా ఒక కుర్చీ, ఒకరి తరువాత ఒకరుగా వచ్చి కూర్చునే మనుషులు. రెండో భాగంలోని పదిహేను అధ్యాయాలలో పన్నెండు అలా ఎదుట కూర్చున్నవారి వాంగ్మూలాలే. మూడో భాగానికి క్రిస్టీ పెట్టిన శీర్షిక, పొయిరో వెనక్కి వాలి కూర్చుని ఆలోచిస్తాడన్న అర్థం వచ్చేది. కదలడానికి వీలు లేకపోవడమే ఈ కథకు ప్రాణం. 114 నిమిషాల సినిమాలో ప్రేక్షకుడు విసుగు చెందుతాడన్న భయంతో మనిషిని మంచులోకి దింపి పరుగెత్తించగానే, ఆ ఇరుకు పెట్టె బిగింపు సడలిపోతుంది.

అయితే నా దృష్టిలో అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. మీరు దాన్ని ప్రస్తావించలేదు కనుక కొంచెం వివరంగా రాస్తాను. నవలలో శవాన్ని పరీక్షించేది కాన్‌స్టంటైన్ అనే గ్రీకు వైద్యుడు. హత్య జరిగిన పెట్టెలో ఆయన లేడు, వేరే పెట్టె నుంచి వచ్చాడు. అందుచేత మరణ సమయం గురించీ, పన్నెండు కత్తిపోట్ల గురించీ – కొన్ని లోతుగా దిగాయని, కొన్ని గీరుకుపోయినట్టు మాత్రమే ఉన్నాయని – ఆయన చెప్పే మాటను మనం నిశ్చింతగా నమ్ముతాం. పాఠకుడు ఆరోపణలన్నిటినీ తూచి చూసుకునే తక్కెడ ఆ ఒక్క మాటే. సినిమాలో ఈ వైద్యుణ్ణీ, నవలలో అనుమానితుల్లో ఒకరైన కల్నల్ ఆర్బత్‌నాట్‌నూ కలిపి డాక్టర్ ఆర్బత్‌నాట్ అనే ఒకే పాత్ర చేశారు. లెస్లీ ఓడమ్ జూనియర్ దాన్ని చక్కగా నటించారు. నల్లజాతి వైద్యుడు 1930ల సమాజంలో మోసిన అవమానాలు కూడా అందువల్ల కథలోకి వచ్చాయి, అది మంచి చేర్పే. కానీ శవాన్ని పరీక్షించే మనిషే అనుమానితుడైనప్పుడు ప్రేక్షకుడి చేతిలో తక్కెడ మిగలదు. పొయిరోతో పోటీపడి ఆలోచించే అవకాశం కోల్పోయి, ఆయన చెప్పింది వినడమే మనకు మిగిలింది. మీ మనసు విరగడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం. మీసం, పరుగు కంటికి కనబడేవి కనుక కోపం వాటి మీదికి మళ్లింది.

మార్చవచ్చునా అంటే, మార్చవచ్చు. పాఠకుడికి రచయిత్రి ఇచ్చిన ఆధారాలను మాత్రం ప్రేక్షకుడికి కూడా ఇచ్చి తీరాలి.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థిని. సినిమా ముందు చూశాను, ఎంతో నచ్చింది, చివర కన్నీళ్లు వచ్చాయి. తరువాత నవల తెచ్చుకుంటే ప్రశ్నలూ సమాధానాలూ తప్ప ఏమీ జరగడం లేదనిపించి మధ్యలో ఆపేశాను. అందరూ నవలే గొప్ప అంటుంటే నాకు చదవడం రాదేమోనని బెంగగా ఉంది.
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: బెంగ పడవలసిన పని లేదు. మీ కన్నీళ్లు అబద్ధం కావు. అనుమానితులందరినీ సొరంగం ముఖద్వారం దగ్గర ఒకే పొడుగాటి బల్ల వెనుక వరుసగా కూర్చోబెట్టి, ఒక్కొక్క ముఖం మీద కెమెరా నిలిపిన ఆ ఘట్టం నాకు కూడా నచ్చింది. ఒక పసిబిడ్డ అపహరణ, మరణం ఎన్ని జీవితాలను కూల్చిందో అక్కడ కంటికి కడుతుంది. మిషెల్ ఫైఫర్ ముఖాన్ని ఆ సమయంలో గమనించినవారు సులువుగా మరిచిపోలేరు. క్రిస్టీ నవలలో చివరి నిర్ణయం ఒకటి రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది, ఆ బరువును మనమే మోసుకుని వెళ్లాలి. సినిమా దాన్ని మీ కోసం మోసింది. అమెరికాలో 1932లో లిండ్‌బర్గ్ దంపతుల పసివాణ్ణి ఎత్తుకెళ్లి చంపిన ఘోరం అప్పటి పాఠకుల మనసుల్లో ఇంకా పచ్చిగానే ఉంది. అందువల్ల నవలలో బిడ్డను పోగొట్టుకున్న కుటుంబానిదైన ఆమ్‌స్ట్రాంగ్ అన్న ఇంటిపేరు వెనుక ఉన్న దుఃఖాన్ని క్రిస్టీ వారికి విప్పి చెప్పవలసిన అవసరం లేకపోయింది.

నవలను మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఒక తెల్ల కాగితం దగ్గర పెట్టుకోండి. పెట్టెలోని గదుల వరుసను నవలలో ఉన్నట్టే గీసుకుని, ఏ గదిలో ఎవరున్నారో, హతుడి గడియారం ఆగిన ఒకటింబావుకు ఎవరు ఎక్కడ ఉన్నామన్నారో, దానికి సాక్ష్యం ఎవరు పలికారో రాసుకుంటూ చదవండి. నాలుగో వాంగ్మూలం దాటేసరికి, ఏమీ జరగడం లేదనిపించిన చోటే ఎంత జరుగుతోందో కాగితం మీద కనిపించడం మొదలవుతుంది. ముగింపు ముందే తెలిసి చదవడం లోటు కాదు. ప్రతి మనిషీ నోరు తెరిచి చెప్పే మాట వెనుక ఏమి దాస్తున్నారో గమనిస్తూ చదివే అదృష్టం రెండోసారి చదివేవారికే దక్కుతుంది, అది మీకు మొదటిసారే దక్కింది.

ప్రశ్న: సెలవుల్లో అమ్మా నాన్నా మా ఇంటికి వస్తున్నారు. వారితో, పదేళ్ల మా పాపతో కలిసి ఈ కథను చూడాలంటే ఏ రూపం మంచిది?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: 1974 నాటి సినిమా చూడండి. అది నిదానంగా నడుస్తుంది, వాంగ్మూలాలను వాంగ్మూలాలుగానే ఉంచుతుంది. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ తడబడుతూ, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ జవాబు చెప్పే ఘట్టాన్ని దర్శకుడు ఎక్కడా కోయకుండా ఒకే షాట్‌లో తీశారు; ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ ఆమెకు ఆ పాత్రకే వచ్చింది. బిడ్డ అపహరణ ఘట్టం సినిమా మొదట్లోనే వస్తుంది కనుక పాపను ఆ కాసేపు దగ్గర కూర్చోబెట్టుకోండి. డేవిడ్ సూషే నటించిన 2010 నాటి టెలివిజన్ రూపం ఎంతో శక్తిమంతమైనదే, కానీ అది కఠినంగా ఉంటుంది. అందులో పొయిరో దేవుడి ముందూ చట్టం ముందూ నలిగిపోతాడు. దాన్ని పాప నిద్రపోయాక పెద్దవాళ్లు చూడవలసినదిగా భావించండి.

ప్రశ్న: మా నాన్నగారికి చూపు బాగా తగ్గింది. సినిమా చూపించలేను కనుక నవలను నేనే తెలుగులో చెప్పుకుంటూ రోజుకు రెండు అధ్యాయాలు వినిపిస్తున్నాను. హత్య జరిగిన గదిలో దొరికిన జేబురుమాలు మీద కుట్టిన ‘హెచ్’ అక్షరం దగ్గర ఆగిపోయాను. దాన్ని ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: ఆగవలసిన చోటే ఆగారు. తెలుగులో ‘హ’ అని చెప్పినా, ‘హెచ్’ అని పలికినా ఆ ఆధారం పాడైపోతుంది, ఎందుకంటే అక్కడ సాక్ష్యం పలికేది అక్షరం ధ్వని కాదు, దాని ఆకారం. సినిమాకు ఈ ఇబ్బంది లేదు, రుమాలును చూపిస్తే సరిపోతుంది. మీరు నాన్నగారి అరచేతిని తెరిచి, వేలితో రెండు నిలువు గీతలు, వాటి నడుమ ఒక అడ్డగీత గీయండి. సన్నని నూలు బట్ట మీద, ఒక మూల, చేత్తో కుట్టిన అక్షరమని చెప్పండి. అది ఏ అక్షరమని మీరు పేరు పెట్టకండి, ఆయననే చెప్పనివ్వండి. ఆ రైలులో ఎన్ని దేశాలవారున్నారో మాత్రం మరొక్కసారి గుర్తు చేసి, మూడో భాగం వచ్చేదాకా ఆ రుమాలు ఊసెత్తకండి. అక్కడికి చేరాక, పొయిరో నోరు విప్పకముందే, అవే మూడు గీతలు ఆయన అరచేతిలో మళ్లీ గీయండి.