పేగులు అతుక్కున్నాయట, మళ్లీ కోయించుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నాకు 41 ఏళ్లు, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. రెండు కాన్పులూ సిజేరియన్లే, ఐదేళ్ల కిందట గర్భసంచి కూడా తీసేశారు, అప్పట్నుంచి కుట్ల దగ్గర కుడివైపు పట్టి లాగినట్టు నొప్పి. స్కానింగులన్నీ నార్మలే. మొన్న పెళ్లిలో పనసపొట్టు కూర రెండుసార్లు వేయించుకుని తిన్నా, ఆ రాత్రే పొట్ట డప్పులా ఉబ్బి పచ్చటి వాంతులు, గ్యాస్ కూడా పోలేదు. ఆస్పత్రిలో ముక్కులోంచి పైపు వేసి సెలైన్ల మీద ఉంచితే మూడో రోజుకి తగ్గింది. అడ్హిషన్స్ అంట, పేగులు అతుక్కున్నాయంట. ఒక డాక్టర్ లాప్రోస్కోపీతో (చిన్న చిల్లులోంచి కెమెరా గొట్టం పెట్టి) విడదీయించుకోమంటే ఇంకొకరు వద్దంటున్నారు. మా అత్తయ్యేమో ఆముదం తాగి పొట్ట తోమించుకుంటే పోతుందంటుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు అత్తయ్యగారి సంగతి తేల్చేద్దామమ్మా. పేగు మూసుకున్నప్పుడు ఆముదం తాగడం, పొట్ట తోమించడం రెండూ ప్రమాదమే, ఆ టైమ్‌లో నోట్లో ఏమీ వేసుకోకూడదు.

మీకున్నవి రెండు సమస్యలు, మీరు ఒకటిగా కలిపేస్తున్నారు. రోజూ ఉండే నొప్పి ఒకటి, మొన్న పేగు మూసుకుపోవడం ఇంకోటి. పొట్ట కోసినవాళ్లలో ఎక్కువమందికి లోపల ఈ అతుకులు ఉంటాయి, చాలామందికి ఉన్నట్టే తెలీదు, పల్చటి పొరలు కాబట్టి స్కానింగులోనూ సరిగా కనపడవు. అందుకే నొప్పికి అవే కారణమని గట్టిగా చెప్పలేం. నెదర్లాండ్స్‌లో ఇలాంటి నొప్పే ఉన్న 100 మందికి లాప్రోస్కోపీ పెట్టి దాదాపు సగం మందికి అతుకులు విడదీశారు, మిగతావాళ్లకి ఊరికే చూసి వదిలేశారు, ఎవరికేం చేశారో వాళ్లకి చెప్పలేదు. ఏడాదికి రెండు గుంపులకీ నొప్పి తగ్గింది, ఇంచుమించు ఒకేలా! 2003లో వచ్చింది ఆ రిపోర్టు. పైగా విడదీసిన చోట మళ్లీ అతుక్కుంటాయి, విడదీసేటప్పుడు పేగుకి చిల్లు పడే రిస్కూ ఉంది. నొప్పి ఒక్కదానికే అయితే నేను ఆపరేషన్‌ చెయ్యను.

ఒక్క పని చేసి చూడండి. వెల్లకిలా పడుకుని నొప్పి ఉన్నచోట వేలితో నొక్కి, అలాగే ఉంచి తల పైకెత్తండి. నొప్పి పెరిగితే అది పేగుది కాకపోవచ్చు, కుట్ల కింద పొట్ట గోడలో నరం చిక్కుకుని ఉండొచ్చు, దానికి అక్కడే మత్తు ఇంజెక్షన్ ఇస్తే చాలామందికి హాయిగా ఉంటుంది. ఈ మాట మీ సర్జన్‌ని అడగండి.

ఇక పేగు మూసుకోవడం. మొదటిసారి, పైపుతోనే విడిపోయింది కాబట్టి ఇప్పుడు ఆగడమే మంచిది. మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం ఆపరేషన్ గురించి కూర్చుని మాట్లాడాల్సిందే. వచ్చి వచ్చి పోయే నొప్పి కాస్తా తెరపి లేకుండా ఉండిపోయినా, జ్వరమొచ్చినా, గుండె దడదడలాడినా, పొట్ట చెక్కలా గట్టిపడినా గంటల్లో సర్జన్ దగ్గర ఉండాలి, అప్పుడు పైపు పెట్టుకుని రోజులు చూడటం కుదరదు.

తిండి విషయంలో జీవితాంతం జావ తాగక్కర్లేదు. పీచు ముద్దకట్టేవే తగ్గించండి: పనసపొట్టు, తేగలు, మునక్కాడ పిప్పి, బత్తాయి తొనల తొక్క. కొంచెం కొంచెంగా, మెత్తగా నమిలి తినండి. కోనసీమ మనిషికి పనసపొట్టు వద్దని చెప్పడం నాకూ కష్టంగానే ఉందమ్మా, ఈసారి పెళ్లిలో ఒక్క చెంచాతో సరిపెట్టండి.